వణికే గీత

నాలుగో అంతస్తు నొమూన్ నాకు ఓనమాలు దిద్దిస్తోంది.
దానికి పదకొండేళ్లు. నాకు అరవై ఎనిమిది.
బయట దర్ఖాన్ ఊరంతా బొగ్గు పొగ, సున్నాకి ముప్పై డిగ్రీలు కింద.
లోపల రేడియేటర్ మీద దాని చేతి తొడుగులు
మెల్లగా ఆవిరి కక్కుతున్నాయి.

వాళ్ల లోకానికి ఇద్దరు సూర్యులట.
కాబట్టి అక్కడ దేనికైనా రెండు నీడలు.
"అక్షరాన్ని రాయకూడదు అవ్వా,
దాని నీడలే రాయాలి.
చదివేవాళ్లే మధ్యలో దాన్ని నిలబెట్టుకుంటారు."
ఎలా పలుకుతారే మరి, అన్నాను.
వాళ్లకి నోళ్లు లేవంది,
అదీ నా తప్పే అన్నట్టు చూస్తూ.

ముప్పై ఒక్క ఏళ్లు స్టేషన్ రిజిస్టరులో
బండి నంబరు, వచ్చిన వేళ, వెళ్లిన వేళ
గడి దాటకుండా రాసిన చెయ్యి ఇది.
బొగ్గు బండి మూడు నిమిషాలు ఆలస్యమైతే
మూడే రాసేది, పైవాళ్లు కసిరినా రెండని రాసేది కాదు.
ఇప్పుడు గిన్నె ఎత్తితే ఉప్పు టీ సగం నేలకి.
డాక్టరు దీనికో పొడుగు పేరు కాగితం మీద రాసి,
తన రాత తనకే అర్థంకాక
నోటితో మళ్లీ చెప్పాడు.

మొదటి పాఠం నీరు.
పొడుగు నీడ పెద్ద సూర్యుడిది, పొట్టిది రెండోవాడిది.
గీశాను.
"నీరు కాదు, నీరేనా అని రాశావు.
మా లిపిలో గీత వణికితే ప్రశ్న."

మళ్లీ గీశాను. నీరేనా?
ఇల్లు. ఇల్లేనా?
తిన్నాను. తిన్నానా?
(అది మాత్రం అడగాల్సిందే,
పొయ్యి మీద పులుసు పొద్దుటినుంచీ అలాగే ఉంది.)

రూలు మార్చవే అన్నాను.
ప్రశ్నకి చుక్క పెట్టుకో, కొక్కెం పెట్టుకో,
నీ గ్రహం, నీ ఇష్టం కదా.
పెన్సిలు చెక్కడం ఆపింది.
"నేను పెట్టింది కాదవ్వా. అది అలా ఉంది, అంతే."

మా నాన్న రాత పైనుంచి కిందికి దిగేది,
గుర్రం తోక దువ్వినట్టు.
నేను బడికెళ్లేసరికి అక్షరాలన్నీ అడ్డంగా పడుకున్నాయి.
ఆయన ఉత్తరాలు రెండు అలమారులో ఉన్నాయి.
చదివిపెట్టమని ఎవర్నీ అడగలేదు.
ఎందుకో అడగలేదు.

గురువారం రాత్రి వాళ్లమ్మ
గొర్రెతోలు కోట్ల ఫ్యాక్టరీకి షిఫ్టు కెళ్లాక
పిల్ల నా సోఫాలో నిద్రపోయింది, ఒక కాలికి మేజోడుతో.
కరెంటు బిల్లు వెనక నేనొక్కదాన్నే సాధన చేస్తూ
దోర్లిగ్‌జవ్ అని రాశాను.
తొమ్మిదేళ్లుగా మా ఇంట్లో ఆ పేరు
పూర్ణవిరామంతోనే ముగుస్తోంది.
ఇక్కడ మాత్రం దోర్లిగ్‌జవ్?
తలుపు అవతల బూట్ల మంచు దులుపుకుంటున్న మనిషిని
లోపల్నుంచి, చెయ్యి పిండిలో ఉండగా,
నువ్వేనా అని అడిగినట్టు.

పొద్దున్న నొమూన్ చూసింది. ఎవరని అడగలేదు.
ఎర్ర పెన్సిలుతో దిద్దింది.
పొట్టి నీడ మరీ దగ్గరికొచ్చిందట,
రెండో సూర్యుడు నెత్తిమీద కూర్చున్నట్టు.
కాస్త అవతలికి జరిపింది.
వణుకుని ముట్టుకోలేదు.

బడికి ఆలస్యమవుతోందని గుమ్మంలో తొడుగులు లాక్కుంటుంటే అడిగాను:
జవాబు ఎలా రాస్తారే?
"అది వచ్చే వారం పాఠం.
ముందు పది ప్రశ్నలు రాసి ఉంచు."

ఎనిమిదయ్యాయి.
మీటరు చూసే కుర్రాడు వచ్చి పాత బిల్లు అడిగితే ఇచ్చాను.
వెనక్కి తిప్పి, తలకిందులు చేసి, కిటికీ వెలుగులో పెట్టి
ఇదేంటన్నాడు.
బండ్ల వేళలు, అన్నాను.